షేడ్ తేడా రాకుండా చూసుకోవడం ఎలా?

మానవపాడులో మీకొక డీటీపీ సెంటర్ ఉందనుకుందాం. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూలు క్యాలెండర్లు, కారం పొడి లేబుళ్లు, ఏది వచ్చినా డిజైన్ మీరే చేస్తారు. మల్టీకలర్ ప్రింటింగ్‌కు మాత్రం తుంగభద్ర దాటించి కర్నూలుకో, ఇటు హైదరాబాద్‌కో పంపిస్తారు. మొదటిసారి వచ్చిన లేబుళ్లు చూసి పార్టీ మురిసిపోయాడు. మూడు నెలలకు మళ్లీ ఆర్డరిచ్చాడు. అదే ఫైలు, అదే ప్రెస్సు, అదే పేపరు. కట్ట విప్పితే పండుమిరప ఎరుపు కాస్తా ఇటుక రంగులోకి దిగి ఉంది. పాతదీ కొత్తదీ మీ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి ఆయన అడుగుతాడు: “ఏందన్నా, ఇది డూప్లికేట్ మాల్ లెక్క కనబడుతుంది?”

ప్రెస్సుకు ఫోన్ చేస్తే ఏం జవాబు వస్తుందో మీకు తెలుసు. “మాది ఆటోమేటిక్ మెషీన్ సార్. కలరంతా కంప్యూటరే చూసుకుంటది. తేడా వచ్చే చాన్సే లేదు.”

ఆ మాటలో అబద్ధం లేకపోవచ్చు. మెషీన్ తన పని తాను సరిగ్గానే చేసి ఉండొచ్చు. అయినా లేబుల్ రంగు మారింది. ఎందుకని? మార్కెట్ యార్డులో కాటా ఎంత నికరంగా తూచినా, ఎంత తూకం వేయాలో మనిషే చెప్పాలి కదా. రంగును కొలిచే యంత్రం సంగతీ అంతే. ఇచ్చిన కొలతను వేల షీట్ల దాకా పట్టి ఉంచుతుంది. ఏ కొలత పట్టాలో దానికి ఒకరు చెప్పాలి. మీరు చెప్పరు, ప్రెస్సు అడగదు. షేడ్ గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయని నా గట్టి నమ్మకం. ఆ చెప్పడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

“రంగు కాస్త అటూఇటూ అయితే కొంపలు మునుగుతాయా?” అని మీకు అనిపించొచ్చు. మానవపాడు ఉన్న ఈ నడిగడ్డ ప్రాంతంలో ఉండి ఈ ప్రశ్న అడక్కూడదు. గద్వాల చుట్టుపక్కల ఎన్నో పల్లెలు పత్తి విత్తనం పండించి బతుకుతున్నాయి. విత్తన సంచికి కట్టే ట్యాగు సర్టిఫైడ్ విత్తనానికి నీలం, ఫౌండేషన్ విత్తనానికి తెలుపు, బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు. ఆ రంగే దాని గుర్తింపు. పురుగుమందు డబ్బా మీది ముక్కోణం చూడండి. ఎరుపు ఉంటే అన్నిటికంటే ప్రమాదకరమైన విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివరికి ఆకుపచ్చ. అక్షరం రాని కూలీ కూడా ఆ రంగు చూసే జాగ్రత్త పడతాడు. కారం పొడి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ప్యాకెట్ విప్పకముందు కొనేవాడికి కనిపించే ఎరుపు మీరు ప్రింట్ చేయించిన ఎరుపే.

మెషీన్ దగ్గర ఏం జరుగుతుంది?

సిద్ధాంతం పక్కన పెట్టి, ఒక్కసారి ప్రెస్సులోకి వెళ్లి నిలబడండి. ట్రిమ్మింగ్‌లో పోయే అంచున, షీటు పొడవునా చిన్నచిన్న గళ్ల పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాన్ని కలర్ బార్ అంటారు. ఒక గడి నిండు సియాన్, ఒకటి మజెంటా, ఒకటి ఎల్లో, ఒకటి బ్లాక్. వాటి పక్కన సగం చుక్కలతో ఉన్న గళ్లు. మధ్యమధ్యలో బూడిద రంగు గడి ఉంటుంది. దాని మీద లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూడండి. అందులో బూడిద రంగు ఇంకే ఉండదు. సియాన్ 50 శాతం, మజెంటా 40, ఎల్లో 40 చుక్కలు కలిసి కంటికి బూడిదగా తోస్తాయి. మూడింటిలో ఏ ఒక్కటి పెరిగినా ఆ గడి ఎర్రబడుతుంది, లేదా పచ్చబడుతుంది, లేదా నీలం తిరుగుతుంది. మామూలు కంటికి కూడా తేడాను ముందుగా చెప్పేది ఈ గడే.

ఆపరేటర్ షీటు లాగి కన్సోల్ మీద పరుస్తాడు. స్పెక్ట్రోఫోటోమీటర్ తల ఆ పట్టీ వెంట కొన్ని సెకన్లలో పరుగెత్తి ఒక్కో గడినీ కొలుస్తుంది. షీటు వెడల్పంతా సుమారు మూడేసి సెంటీమీటర్ల ఇంకు జోన్లుగా విడదీసి ఉంటుంది. ఒక్కో రంగులో జోనుకొక ఇంకు కీ. కొలిచిన విలువను ఉండాల్సిన విలువతో పోల్చి, ఏ కీ ఎంత తెరవాలో ఎంత మూయాలో లెక్కవేసి, మోటార్లతో తిప్పేస్తుంది. ఇంకా కొత్త మెషీన్లు కొన్నిటిలో కొలిచే తల లోపలే ఉంటుంది కాబట్టి షీటు బయటికి తీసే పనే లేదు. ఒకప్పుడు ఆపరేటర్ యూనిట్ యూనిట్‌కూ నడిచి వెళ్లి చేత్తో స్క్రూలు తిప్పేవాడు. 1977 డ్రూపా ప్రదర్శనలో హైడెల్‌బర్గ్ సంస్థ కన్సోల్ దగ్గరే కూర్చుని ఇంకు సర్దే సీపీసీ పద్ధతిని చూపించింది. ఇవాళ్టి ఆటోమేషన్ ఆ దారిలో వచ్చిందే.

కొలతల భాష కూడా తెలుసుకోండి, కష్టమేమీ కాదు. 1976లో ఖరారైన ల్యాబ్ పద్ధతిలో ఏ రంగునైనా మూడు అంకెలతో చెప్పొచ్చు. ఎల్ అంటే వెలుగు, ఏ అంటే ఎరుపు-ఆకుపచ్చ, బీ అంటే పసుపు-నీలం. ఉదాహరణకు మెరిసే ఆర్ట్ పేపర్ మీద నిండు మజెంటాకు చాలా ప్రెస్సులు పెట్టుకునే గురి ఎల్ 48, ఏ 74, బీ మైనస్ 3. రెండు రంగుల మధ్య దూరం డెల్టా ఈ. అది 1 దగ్గర ఉంటే మంచి కన్ను కూడా తడబడుతుంది. ఆఫ్‌సెట్ ముద్రణకు ఉన్న ఐఎస్ఓ 12647-2 ప్రమాణం నాలుగు మూల రంగుల నిండు గళ్లకు 5 దాకా సడలింపు ఇస్తుంది. పక్కపక్కన పెట్టి చూసే లేబుళ్లకు 5 ఎక్కువే. 3 లోపు అడగండి.

ఇక పనిలోకి దిగుదాం.

1. ఓకే షీటు మీ దగ్గర ఉంచుకోండి

మొదటి ఆర్డరు నచ్చిందా? అయితే అప్పుడే, ఆ రోజే, ట్రిమ్ చేయని పూర్తి షీట్లు రెండు అడిగి తీసుకోండి. కలర్ బార్‌తో సహా ఉండాలి. తేదీ, పేపరు పేరు, జీఎస్‌ఎం రాసి మీరూ ప్రెస్సు వాళ్లూ సంతకాలు పెట్టండి. ఒకటి మీకు, ఒకటి వాళ్లకు. చాలామంది ఏం చేస్తారో తెలుసా? ఆ షీటును అందంగా గోడకు అంటిస్తారు. ఆరు నెలలు వెలుతురు తగిలితే ఎల్లో, మజెంటా ముందుగా వెలిసిపోతాయి. వెలిసిన షీటును చూపించి “ఇట్లనే కావాలి” అంటే మెషీన్ ఆ వెలిసిన రంగునే తెచ్చిపెడుతుంది. నల్లని కవర్లో పెట్టి బీరువాలో దాచండి.

2. వాట్సాప్ ఫొటో చూసి ఓకే చెప్పకండి

ప్రెస్సు నుంచి ఫొటో వస్తుంది. మీరు పార్టీకి ఫార్వర్డ్ చేస్తారు. ఆయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపిస్తాడు. ఇది ఒప్పుదల అనుకుంటున్నారా? ఆ ఫొటో తీసిన ఫోను రంగులు దిద్దింది, వాట్సాప్ కుదించింది, చూసిన ఫోను తెర ఇంకాస్త మెరుపు అద్దింది. తెర రంగులు వెలుతురుతో పుడతాయి, కాగితం రంగులు ఇంకుతో పుడతాయి. తెర మీద భగ్గున మండే నారింజ రంగు నాలుగు ఇంకులతో ఎన్నటికీ రాదు. అక్షరదోషాలు చూసుకోవడానికి ఫొటో చాలు. రంగు కోసం మాత్రం కాగితం మీద తీసిన ప్రూఫ్ కావాలి. కర్నూలు దగ్గరే కదా, పెద్ద ఆర్డరైతే ఒక పూట వెళ్లి మెషీన్ పక్కన నిలబడి ఓకే చేయండి.

3. “కొంచెం” అనే మాట మానేయండి

మెషీన్ దగ్గర మామూలుగా ఇలా నడుస్తుంది:

“అన్నా, ఎరుపు కొంచెం పెంచు.”

“ఎంత పెంచాలె?”

“కొంచెమే. మొన్నటి లెక్క ఉండాలె.”

మొన్నటిది ఆయనకు గుర్తుండదు. ఆయన తప్పు కాదది, రోజుకు ఎన్నో జాబులు చూసే కళ్లు అవి. అదే మాట ఇలా అడిగి చూడండి: “అన్నా, పోయినసారి ఓకే షీటు ఇదుగో. దీని బార్ స్కాన్ చేసి టార్గెట్ పెట్టు. డెల్టా ఈ 3 దాటొద్దు. పాత జాబ్ సెట్టింగులుంటే తెరువు.” ఇప్పుడు ఆయన పని తేలిక, మీ పని ఖాయం. కన్సోల్‌లో జాబు సేవ్ చేసే సౌకర్యం చాలా మెషీన్లకు ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ. మొదటి ఆర్డరు అయిపోగానే “సేవ్ చేశారా?” అని అడగడం అలవాటు చేసుకోండి. స్కాన్ చేసే మెషీన్ లేని చిన్న ప్రెస్సయితే చేతిలో పట్టే డెన్సిటోమీటర్ ఉందేమో కనుక్కోండి. నాలుగు రంగుల నిండు గళ్ల డెన్సిటీ షీటు వెనక పెన్నుతో రాయించుకున్నా సగం సమస్య తీరుతుంది.

4. తప్పు ఫైల్లోనే ఉంటే మెషీన్ ఏం చేయగలదు?

ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఎందుకంటే ఇది పూర్తిగా మీ చేతిలో ఉన్న పని.

కోరల్‌డ్రాలో ఆర్‌జీబీ రంగులతో డిజైన్ చేసి అలాగే పంపిస్తే, ప్రెస్సులో ఎవరి సాఫ్ట్‌వేర్ దాన్ని ఎలా మారిస్తే అలా మారుతుంది. మొదటిసారి ఒక సిస్టంలో, రెండోసారి ఇంకో సిస్టంలో మారిందనుకోండి, అదే ఫైలు రెండు రంగులిస్తుంది. మీరే సీఎంవైకేలోకి మార్చి, ఎరుపు ఎరుపుగా ఉందో లేదో అంకెల్లో చూసి, అప్పుడు పీడీఎఫ్ చేయండి.

అక్షరాల సంగతి మరీ ముఖ్యం. నల్ల అక్షరాలను నాలుగు రంగులు కలిపిన నలుపుతో పెట్టకండి, ఒక్క బ్లాక్ 100 శాతంతోనే పెట్టండి. తెలుగు అక్షరంలో గుడులు, కొమ్ములు, వత్తులు ఎంత సన్నగా ఉంటాయో మీకు తెలియంది కాదు. ‘స్త్రీ’ అనే అక్షరాన్ని 8 పాయింట్ల సైజులో నాలుగు రంగులతో కొట్టించి లూప్ కింద చూడండి. రిజిస్ట్రేషన్ వెంట్రుకవాసి జరిగినా వత్తు చుట్టూ ఒకవైపు ఎర్రని నీడ, మరోవైపు నీలి నీడ వస్తుంది. లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ముదురు రంగు నేల మీద తెల్ల అక్షరాలైతే ఇంకా కష్టం, సన్నని గీతలను చుట్టూ ఉన్న ఇంకు మింగేస్తుంది. పెళ్లి కార్డులో ముహూర్తం సమయం, మందు లేబుల్ మీద వాడే మోతాదు ఇలా మసకబారితే ఏమవుతుందో ఊహించుకోండి. అలాంటి చోట లావు ఫాంటు వాడండి, సైజు పెంచండి, నేల రంగులను రెండుకు తగ్గించండి.

పసుపు రంగుతోనూ జాగ్రత్త. శుభలేఖకు పసుపుకొమ్ము ఛాయ రావాలని నిండు ఎల్లోలో 15 శాతం మజెంటా కలుపుతాం. ఆ మజెంటా రెండు మూడు శాతం పెరిగినా పసుపు కాస్తా నారింజ వైపు తిరుగుతుంది. ఇలాంటి రంగు కార్డంతా పరిచారంటే ఆ షీటు మీద ఒక కన్నేసి ఉంచమని ఆపరేటర్‌కు ముందే చెప్పండి.

5. మీ లేబుల్‌కు పొరుగువారెవరు?

చిన్న ఆర్డర్లను ప్రెస్సులు కలిపి ఒకే పెద్ద షీటులో కొడతాయి. గ్యాంగ్ అంటారు దీన్ని. ఖర్చు తగ్గుతుంది, మంచిదే. అయితే ఇంకు జోన్లు షీటు నడిచే దిశలో ఉంటాయని గుర్తుంచుకోండి. మీ మిరప లేబుల్‌కు ముందో వెనకో, అదే వరసలో, ఎవరిదో ముదురు నీలం కరపత్రం పడిందనుకోండి. రెండూ ఒకే ఇంకు కీ కింద ఉన్నాయి. ఆ నీలం బాగా రావాలని సియాన్ తెరిస్తే మీ ఎరుపులో ఉన్న కొద్దిపాటి సియాన్ కూడా పెరిగి రంగు మట్టిబారుతుంది. ఆ పెంపు సడలింపు దాటకపోతే మెషీన్ కలర్ బార్ చూసి అంతా సవ్యమే అంటుంది, అది నిజం కూడా. పోయినసారి మీ పొరుగు వేరు, ఈసారి పొరుగు వేరు. మొదట్లో చెప్పిన ఇటుక రంగు లేబుల్‌కు ఇదే కారణం కావొచ్చు.

మరి ఏం చేయాలి? రంగు పక్కాగా ఉండాల్సిన పనికి “విడి షీటు కొట్టండి” అని ఆర్డరులోనే రాయండి. ఖర్చు ఎక్కువవుతుందని పార్టీకి ముందే చెప్పండి. వద్దంటే ఆయన ఇష్టం, కానీ షేడ్ తేడా రావొచ్చని బిల్లు మీద రాసి ఇవ్వండి.

6. “అదే పేపరు” నిజంగా అదేనా?

రెండు ఆర్ట్ పేపర్లు, రెండూ 130 జీఎస్‌ఎం, రెండు మిల్లులవి. పక్కపక్కన పెడితే ఒకటి నీలి తెలుపు, ఇంకొకటి పసుపు తెలుపు. పైన పడే ఇంకు పల్చటి పొర కాబట్టి కింది తెలుపు రంగులో కలిసిపోతుంది. మిల్లు పేరు అడిగి రాసుకోండి. ఇదొక్క నిమిషం పని.

7. ఏ వెలుతురులో చూస్తున్నారు?

రాత్రి ఏడింటికి కొట్లో ట్యూబ్‌లైటు కింద కట్ట విప్పి గొడవకు దిగకండి. మామూలు కూల్ డేలైట్ ట్యూబు వెలుగు సుమారు 6500 కెల్విన్. ప్రింటింగ్‌లో రంగు చూడటానికి నిర్ణయించిన వెలుగు 5000 కెల్విన్. ఒక వెలుగులో ఒకేలా కనిపించిన రెండు ఎరుపులు ఇంకో వెలుగులో విడిపోతాయి. మంచి ప్రెస్సులో రంగు చూసే దీపాల బల్ల ఉంటుంది. మీ దగ్గర లేకపోతే పగటిపూట ఎండ నేరుగా పడని గుమ్మంలో నిలబడి, రెండు లేబుళ్లూ ఒక తెల్లకాగితం మీద పెట్టి చూడండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా కొందరు మగవాళ్లకు పుట్టుకతోనే సరిగా తెలియదు. ఇషిహారా పరీక్ష కంటి డాక్టరు దగ్గర కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. రంగుల పనిలో బతకాలనుకుంటే ఒకసారి చేయించుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

8. తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు

మెషీన్‌లోంచి అప్పుడే వచ్చిన షీటు తళతళలాడుతుంది. ఆరాక కాస్త తగ్గుతుంది, మ్యాప్‌లితో కాగితం మీదైతే మరీ తగ్గుతుంది. ఆ పైన గ్లాస్ లామినేషన్ చేస్తే రంగు చిక్కనవుతుంది, మ్యాట్ చేస్తే నెమ్మదిస్తుంది. పోయినసారి గ్లాస్, ఈసారి మ్యాట్ చేయించి షేడ్ మారిందంటే ప్రెస్సు ఏం చేస్తుంది? ఆరిన షీటును ఆరిన షీటుతోనే, లామినేషన్ చేసినదాన్ని లామినేషన్ చేసినదానితోనే పోల్చండి.

9. పౌచులకు వేరే లెక్క

కారం పొడి యూనిట్ పెరిగి, లేబుల్ దశ దాటి ప్రింటెడ్ పౌచుకు వెళ్తుందనుకోండి. అది ఎక్కువగా గ్రావ్యూర్ పని. రంగుకొక సిలిండర్ చెక్కుతారు. ప్లాస్టిక్ ఫిల్మ్‌కు లోపలి వైపున తిరగేసి కొట్టి, వెనక తెల్ల ఇంకు వేసి, ఇంకో పొరతో అతికిస్తారు. ఇక్కడ ఇంకు కీలు ఉండవు. రంగును మార్చేది ఇంకు చిక్కదనం. సాల్వెంట్ ఆవిరయ్యే కొద్దీ ఇంకు చిక్కబడి రంగు ముదురుతుంది. అందుకే మంచి యూనిట్లలో చిక్కదనాన్ని తనంతట తానే సర్దే పరికరాలు, రంగుల గురి తప్పితే పట్టుకునే సెన్సర్లు, పరుగెత్తే ఫిల్మ్‌ను చూసే కెమెరాలు ఉంటాయి. మీరు అడగాల్సిన ప్రశ్నలు రెండే. చిక్కదనం ఆటోమేటిక్‌గా చూస్తారా? లేత, సరైన, ముదురు షేడ్ల నమూనాలు మూడూ నాకు ఇస్తారా? ఆ మూడు ముక్కలు చేతిలో ఉంటే వచ్చిన రోలు వాటి మధ్య పడిందో లేదో మీరే తేల్చుకోవచ్చు.

10. జరీ దగ్గర ఆగండి

గద్వాల చీరల కేటలాగు చేయమని ఎవరైనా అడిగితే ముందే చెప్పండి: జరీ మెరుపు నాలుగు రంగులతో రాదు, మెటాలిక్ ఇంకు అయిదో రంగుగా వేయించాలి. మామూలు స్పెక్ట్రో పరికరం ఆ మెరుపును సరిగా కొలవలేదు, కోణం మారితే మెటాలిక్ రంగు మారుతుంది కాబట్టి. అక్కడ మనిషి కన్నే తీర్పు చెప్పాలి. చీర ఒకటి పక్కన పెట్టుకుని ఓకే చేయండి.

పెద్ద మెషీన్ ఉన్న ప్రెస్సు చాలా?

చాలదు. హైదరాబాద్‌లో 1962లో పరుచూరి హనుమంతరావు ప్రారంభించిన ప్రగతి ముద్రణాలయం మల్టీకలర్ పనికి అంతర్జాతీయ అవార్డులు తెచ్చుకుంది. అక్కడ ఉన్నలాంటి మెషీన్లు డబ్బు పెట్టగలిగిన ఎవరైనా తెచ్చుకోగలరు. తేడా వచ్చిన షీటును మనసు చంపుకుని పక్కన పడేసే అలవాటు మాత్రం మెషీన్‌తో పాటు రాదు. ఆటోమేషన్‌కు కనపడనివి చాలా ఉన్నాయి. కలర్ బార్ మాత్రమే చదివే మెషీన్ బొమ్మ మీద దుమ్ము వల్ల పడ్డ తెల్ల చుక్కను చూడదు, దానికి వేరే కెమెరా కావాలి. ప్లేటును తడిపే నీళ్లు ఎక్కువై ఇంకు పల్చబడితే, అసలు రోగం నీళ్లలో ఉందని తెలియక ఇంకు ఇంకా తెరుస్తుంది. అందుకే ప్రెస్సు ఎంచుకునేటప్పుడు మెషీన్ పేరుతో పాటు ఇంకో మాట అడగండి: “పాడైన షీట్లు ఎక్కడ పెడతారు, చూపిస్తారా?” వేస్టు కుప్ప లేని ప్రెస్సంటే నాకు అనుమానమే. అక్కడ తప్పు షీట్లు కూడా కట్టలో కలిసి మీకే వస్తున్నాయి.

వచ్చే ఆర్డరు ఇచ్చే ముందు ఈ పది పనుల్లో మొదటిది ఒక్కటైనా చేయండి. ట్రిమ్ చేయని షీట్లు రెండు, తేదీ, సంతకాలు. అడిగితే ఇవ్వని ప్రెస్సుకు రెండో ఆర్డరు ఇవ్వకండి.